కొట్టేయాల్సింది కందిపప్పు కాదు

భోగికి రెండు రోజుల ముందు మా వీధి చివర కిరాణా కొట్లో నిలబడ్డాను. నా ముందు ఒకావిడ ఉంది. నలభై దాటి ఉంటాయి. చేతిలో పిల్లల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, దాని మీద సరుకుల జాబితా. కొట్లో కుర్రాడు ఒక్కో పొట్లం బల్ల మీద పెడుతూ, చీటీ పక్కన అంకెలు వేసుకుంటూ పోయి, కింద గీత గీసి "పదకొండు వందల ముప్పై అమ్మా" అన్నాడు. ఆవిడ పర్సు తెరిచి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. వెయ్యి ఉన్నాయి. బల్ల మీద పొట్లాల వంక కాసేపు చూసి, "కందిపప్పు కిలో తీసెయ్ బాబూ" అంది. చీటీలో కందిపప్పు మీద అడ్డగీత పడింది. లెక్క వెయ్యికి సరిపోయింది.

బల్ల మీద మిగిలిన వాటిలో వంద గ్రాముల జీడిపప్పు, యాభై గ్రాముల కిస్‌మిస్ ఉన్నాయి. ఆ రెండూ తీసేసినా ఇంచుమించు అంతే తగ్గేది. నోరు ఊరుకోక ఆ మాటే అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. నవ్వి, "మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారండి. పాయసంలో జీడిపప్పు లేకపోతే ఏం బాగుంటుంది? పప్పుదేముంది, రోజూ తినేదేగా" అంది. సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

ఆవిడతో నాకు తగువు లేదు. ఆడపడుచు ముందు తలవంపులు ఎలా ఉంటాయో ఆవిడకు తెలుసు, నాకు తెలియదు. నా తగువంతా ఆవిడ చేత ఆ గీత గీయించిన నమ్మకంతో. పండగ భోజనం అంటే ఖరీదైన భోజనం అనీ, చేతిలో డబ్బు తగ్గితే పండగ కూడా ఆ మేరకు తగ్గిపోయినట్టే అనీ మనందరి బుర్రల్లోనూ పాతుకుపోయిన ఒక నమ్మకం ఉంది చూశారూ, దాంతో.

ఈ నమ్మకానికి రెండు గొంతులున్నాయి. ఒకటి జాలి గొంతు. సంక్రాంతి వచ్చినా, ఉగాది వచ్చినా, దసరా వచ్చినా పేపర్లలో ఒక వార్త తప్పదు: ధరలు మండిపోతున్నాయి, సామాన్యుడికి పండగ భారమైంది అని. రెండోది సలహా గొంతు. ఇది టీవీ వంటల కార్యక్రమాల్లోనూ, ఫోన్లో చూసే వీడియోల్లోనూ వినిపిస్తుంది. జీడిపప్పు బదులు వేరుశెనగపప్పు వేయండి, నెయ్యి బదులు వనస్పతి వాడండి, కుంకుమపువ్వు లేకపోతే చిటికెడు రంగు కలపండి, బాదం కొనలేకపోతే ఎసెన్సు రెండు చుక్కలు చాలు. చూడ్డానికి ఒకటి ఏడుపు, ఒకటి ధైర్యం. లోపల రెండిటి మాటా ఒక్కటే: అసలైన పండగ డబ్బున్న వాళ్లింట్లో జరుగుతోంది, మనకు మిగిలింది దాని నకలే.

ఇది తప్పు. తెలుగు భాషే ఇది తప్పని చెబుతోంది.

పెళ్లీడు కుర్రాణ్ణి పెద్దవాళ్లు ఏమని అడుగుతారు? "పప్పన్నం ఎప్పుడు పెడతావురా?" అని. జీవితంలో అన్నిటికన్నా పెద్ద విందుకు మన వాళ్లు పెట్టుకున్న పేరు పప్పన్నం. బిర్యానీ ఎప్పుడు పెడతావని ఇప్పటికీ ఎవరూ అడగరు. అప్పు చేసి పప్పు కూడు అనే సామెత చూడండి. 1959లో ఎల్.వి. ప్రసాద్ తీసిన విజయావారి సినిమాకి అదే పేరు. డాబు కోసం అప్పులు చేసేవాళ్లను ఎత్తిపొడవడానికి పుట్టిన సామెత అది. ఆ డాబుసరి మనిషి అప్పు తెచ్చి మరీ తిన్న భోగం ఏమిటి? పప్పు, అన్నం. అంటే ఒకప్పుడు పప్పుతో కలిపిన వరి అన్నమే విందు. రాయలసీమలో, తెలంగాణ మెట్ట పల్లెల్లో జొన్న, సజ్జ, రాగి తిని బతికిన ఇళ్లలో వరి అన్నం పండగనాడు వండుకునేవారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాకే చాలా ఇళ్లలో అది రోజువారీ తిండి అయింది. ఇప్పుడు రేషను బియ్యం ఉచితం. తెలంగాణలో 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి మనిషికి ఆరు కిలోల లెక్కన సన్నబియ్యమే ఇస్తున్నారు.

ఇది మంచి మార్పు. కానీ దాని వెంట ఒక చిక్కు వచ్చింది. వరి అన్నం రోజూ తినేదయ్యేసరికి పండగ ఒక మెట్టు పైకి జరిగింది. పప్పు రోజూ తినేదయ్యేసరికి ఇంకో మెట్టు జరిగింది. నెయ్యి, జీడిపప్పు, పనీరు, బిర్యానీ, డ్రైఫ్రూట్ లడ్డూ. రేపు ఇవీ మామూలైపోతే పండగ ఇంకెక్కడికో పోతుంది. రోజూ తినేది పండక్కి పనికిరాదన్న సూత్రం మనం ఎప్పుడు ఒప్పుకున్నామో తెలియదు గానీ, ఆ సూత్రం ఉన్నంతకాలం సామాన్యుడు ఎంత సంపాదించినా పండక్కి ఒక మెట్టు కిందే నిలబడతాడు. కొట్లో ఆవిడ "పప్పుదేముంది" అన్న మాట ఈ సూత్రమే.

మరి మన పండగలు ఏమడుగుతున్నాయో వరసగా చూద్దాం. వినాయక చవితికి ఉండ్రాళ్లు: బియ్యపు రవ్వ, గుప్పెడు శనగపప్పు, ఉప్పు. శ్రీరామనవమికి వడపప్పు, పానకం: నానబెట్టిన పెసరపప్పు, బెల్లం నీళ్లు, మిరియాలు. నాగుల చవితికి చలిమిడి, చిమ్మిలి. అట్లతద్దికి అట్లు. రథసప్తమికి చిక్కుడాకుల్లో పెట్టే పరమాన్నం. తొలి ఏకాదశికి పేలాల పిండి. సద్దుల బతుకమ్మకు పెరుగన్నం, పులిహోర, నువ్వుల పొడి, మలీద ముద్దలు. ఉగాది పచ్చడికైతే వేపపువ్వు చెట్టు మీదే ఉంటుంది. మన పంచాంగంలో ఏ దేవుడూ జీడిపప్పు అడగలేదు. అడిగే వీలూ లేదు. ఆ చెట్టును బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో మన తీరానికి తెచ్చారు. (మిరపకాయా, వేరుశెనగా, తీయగుమ్మడీ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే కాబట్టి పరాయిదని దాన్ని వెలివేయమనడం లేదు. నాకూ జీడిపప్పు ఇష్టమే. అది లేకపోతే పండగ కాదన్న మాటతోనే పేచీ.)

ఈ పండగల వంటలు చవకగా ఉండటం కాకతాళీయం కూడా కాదు. ఏ రుతువులో ఏది ఇంటికి వస్తుందో దానితోనే ఆ పండగ వంట. సంక్రాంతికి కొత్త ధాన్యం వస్తుంది, చెరకు గానుగలు ఆడతాయి, అనకాపల్లి మార్కెట్టుకి కొత్త బెల్లం దిమ్మలు చేరుతుంటాయి. నువ్వులుంటాయి. పాదుకు చిక్కుడు, ఇంటి కప్పు మీద గుమ్మడి కాస్తాయి. కొత్త బియ్యం అన్నం వండితే ముద్దైపోతుంది, పొడి అన్నానికి పనికిరాదు. ఆ గుణమే పొంగలికి, పరమాన్నానికి కావాలి. అంటే మన వాళ్లు సరుకు లోపాన్ని కూడా పండగలో కలిపేసుకున్నారు. అరిసెలో ఏముంది? బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు, నూనె. తెలంగాణ సకినాల్లో బియ్యప్పిండి, నువ్వులు, వాము. ఏడాదిలో ఇవి చవకగా దొరికే రోజు చూసుకుని పండగ పెట్టుకున్న జాతికి పండగ భారమైందంటే, బరువు మోపినవాళ్లం మనమే.

ఇప్పుడు లెక్కలోకి వస్తాను. లెక్క లేని పొదుపు మాట నీతిబోధ అయిపోతుంది.

ఆరుగురికి సంక్రాంతి భోజనం అనుకుందాం. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, చిక్కుడుకాయ కూర, పులిహోర, గోంగూర పచ్చడి, మినప గారెలు, బెల్లం పరమాన్నం, పెరుగు. కిలోన్నర బియ్యం కొనుక్కుంటే ఎనభై రూపాయలు. కందిపప్పు మూడున్నర వందల గ్రాములు నలభై అయిదు. మినప్పప్పు అరకిలో అరవై అయిదు. బెల్లం అరకిలో ముప్పై అయిదు. పాలు లీటరు అరవై, పెరుగుకి తోడు వేయడానికి ఇంకో ముప్పై అయిదు. గుమ్మడి చెక్క నలభై అయిదు, చిక్కుళ్లు అరకిలో ముప్పై, గోంగూర కట్టలు ఇరవై. చింతపండు ఇరవై. పులిహోరలోకి వేరుశెనగపప్పు, శనగపప్పు పాతిక. ఖర్చయ్యే నూనె అరవై. నెయ్యి వంద గ్రాములు డెబ్భై. కొబ్బరికాయ ముప్పై అయిదు. కరివేపాకు, పచ్చిమిర్చి, ఇంగువ అన్నీ కలిపి ఇరవై. మొత్తం ఆరు వందల నలభై అయిదు. తలకి నూట పది లోపు. మీ ఊళ్లో ధరలు అటూ ఇటూ ఉండొచ్చు, గ్యాసు ఖర్చు నేను కలపలేదు. రేషను బియ్యం తెచ్చుకునే ఇంట్లో ఇంకో ఎనభై తగ్గుతుంది.

ఈ విస్తరి చూసి ఇది లోటు పండగ అనే మనిషి ఎవరో నాకు చూపించండి. ఇందులో ఏ ఒక్కటీ దేనికీ బదులుగా పెట్టింది కాదు. పావుకిలో మంచి జీడిపప్పు కొనే డబ్బుతో పైన చెప్పిన కందిపప్పు, మినప్పప్పు, బెల్లం, గుమ్మడికాయ, చిక్కుళ్లు అన్నీ వచ్చేస్తాయి.

సలహాల వాళ్లతో నాకున్న అసలు పేచీ ఈ "బదులు" దగ్గరే. మైసూర్‌పాక్‌ను నెయ్యి లేకుండా ఎలా చేయాలో వాళ్లు చెబుతారు. మైసూర్‌పాక్ అంటేనే నెయ్యి. నెయ్యి తీసేసి వనస్పతి పోస్తే నాలుక మీద మైనంలా అతుక్కునే ఒక పసుప్పచ్చ ముక్క వస్తుంది. అది తిన్న పిల్లవాడికి తెలిసేదేమిటంటే, ఇది పక్కింటి వాళ్లది కాదు, మనది అని. లేమి అలా నాలుకకు ఎక్కుతుంది. నెయ్యి కొనలేని ఏడు మైసూర్‌పాక్ జోలికి పోకుండా బెల్లం పరమాన్నం వండితే ఆ పోలికే రాదు. డబ్బున్న వాడి విస్తరిని చవక సరుకుతో నకలు తీయడం పొదుపు కాదు, అది డబ్బు పోసి కొనుక్కునే చిన్నతనం.

వంద గ్రాముల నెయ్యి ఎలా వాడాలో కూడా చెప్తాను, ఎందుకంటే చాలా ఇళ్లలో అది తప్పు చోట ఖర్చవుతుంది. పులిహోర పోపులో, కూర తాలింపులో పోస్తే నెయ్యి వాసన ఎవరికీ తెలియదు. కందిపప్పుని ఖాళీ బాండీలో సన్నసెగ మీద దోరగా, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, చివర్న ఉప్పు వేయండి. అన్నం పొగలు కక్కుతుండగా విస్తట్లో వడ్డించి, మధ్యలో గుంట చేసి, ఒక్క చెంచా నెయ్యి అందులో పోయండి. ఆ వేడికి లేచే వాసనే పండగ వాసన. ఆరుగురికి రెండేసి చెంచాలు వడ్డించినా గిన్నెలో ఇంకా మిగులుతుంది. ఆ మిగిలిన దాంట్లో, దేవుడికి ఎలాగూ కొట్టిన కొబ్బరికాయ చిప్పలోంచి సన్నముక్కలు తరిగి, ఎర్రగా వేయించి పరమాన్నంలో కలపండి. బెల్లం మాత్రం పొయ్యి కట్టేసి, కాస్త చల్లారాక వేయాలి. తొందరపడితే పాలు విరిగిపోతాయి. కొబ్బరిముక్క పరమాన్నంలో జీడిపప్పుకి బదులుగా వచ్చిందనుకునేరు. అది ముందు నుంచీ ఉంది, జీడిపప్పే తర్వాత వచ్చి దాన్ని పక్కకి నెట్టింది.

తక్కువ సరుకుతో వండింది తక్కువ వంట అవుతుందనే వాళ్లకి ఉలవచారు కథ చెప్పాలి. ఎడ్లకు దాణాగా ఉలవలు ఉడకబెట్టేవారు. గుగ్గిళ్లు ఎడ్లకు పోయేవి. ఆ ఉడికిన నీళ్లు పారబోయడం ఇష్టం లేక చిక్కగా మరిగించి, చింతపండు పోసి, పోపు పెట్టుకుని మనుషులు తాగారు. ఇవాళ ఉలవచారు బిర్యానీ అని పెద్ద హోటళ్లలో అమ్ముతున్నారు. గోంగూర మాంసం అంతే. ఉన్న కాస్త మాంసం ఇంటిల్లిపాదికీ సరిపోవాలంటే పుల్లటి ఆకు కలపాలి. చింతచిగురు, దోసకాయ, చిక్కుడుకాయ, మునక్కాయ, ఏదో ఒకటి మాంసంలో పడటం వెనక రుచి ఒక్కటే లేదు, ముక్క లెక్క కూడా ఉంది. పేదరికంలో పుట్టిన వంటలనే తెలుగు రుచులని బోర్డులు పెట్టి అమ్ముకుంటున్నాం. ఇంట్లో మాత్రం అవి పండక్కి పనికిరావంటున్నాం.

మాంసం మాట వచ్చింది కాబట్టి దసరా సంగతీ చెప్పాలి. తెలంగాణలో దసరాకి మటన్ లేకపోతే పండగే కాదు. ఆ మాటను నేను కాదనను, ఎవరి ఆచారం వాళ్లది. కిలో ధర చూస్తే మాత్రం కూలి చేసుకునే ఇంటికి గుండె గుభేల్‌మంటుంది. అయితే పల్లెల్లో వాళ్లు కిలోల లెక్కన కొట్టుకి పోరు. పది ఇళ్లు కలిసి యాటను కొంటాయి, కోసి పోగులేసుకుంటాయి. కండ, ఎముక, బోటి అన్నీ ప్రతి పోగులోనూ సమానంగా పడతాయి. తలకాయ, కాళ్లు ఎవరికన్నది అప్పటికప్పుడు తేల్చుకుంటారు. కొట్టువాడి లాభం ఉండదు, తూకం మోసం ఉండదు. పట్నం అపార్టుమెంట్లలో ఒకే మెట్లెక్కే ఇరవై ఇళ్లవాళ్లు ఇరవై చోట్ల వరసలో నిలబడి కొంటున్నారు. పండగ ఖరీదైంది ఎక్కడంటే ఇక్కడ.

ఇక నా మాటకు వచ్చే ఎదురుమాటల్లో బలమైన రెండిటికి జవాబు చెప్పాలి. పిల్లలు ఇవి తినరనే మూడోది ఒకటి ఉంది గానీ, వేడి గారె ముందు పెట్టి చూసి అప్పుడు మాట్లాడమంటాను.

మొదటిది ఆడవాళ్ల నుంచి వస్తుంది, రావాలి కూడా. "నీ లెక్కలో అన్నిటికీ ధర కట్టావు. పప్పు రుబ్బిన చేతికి కట్టలేదు. గుమ్మడికాయ తరిగిన చేతికి కట్టలేదు. నీ చవక పండగ మా చాకిరీ మీద నడుస్తోంది." ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. నిజం. మిఠాయి కొట్లో కిలో అరిసెల ధరలో చేతిపనిదీ పెద్ద వాటానే. ఇంట్లో చేస్తే చవక అనడంలో ఆ చేతులకు డబ్బివ్వక్కర్లేదన్న ధీమా ఉంది. కాబట్టి నేను రెండు మాటలంటాను. ఒకటి, పైన చెప్పిన ఎనిమిది రకాల్లో అయిదు తీసేసినా పండగ పండగే. పప్పు, పులుసు, పరమాన్నం చాలు. రకాల సంఖ్య తగ్గించడం పర్సుకు ఎంత మేలో నడుముకీ అంత మేలు. రెండు, అరిసెలు ఏనాడూ ఒక మనిషి వండిన వంట కాదు. పాకం చూసేది ఒకరు, తట్టేది ఒకరు, నూనెలోంచి తీసి చెక్కల మధ్య పెట్టి నొక్కేది ఇంకొకరు. ఇవాళ మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో అని ఇరుగుపొరుగు ఒకళ్లకొకళ్లు చెయ్యి సాయం చేసుకునేవారు. సకినాలూ అంతే, గుడ్డ పరిచి చుట్టూ నలుగురు కూర్చుంటే గాని చుట్టడం కాదు. ఆ నలుగురూ చెదిరిపోయి పని ఒక్కరి మీద పడింది. ఇంట్లో మగవాళ్లకు గుమ్మడికాయ కొట్టడం, పాకం దగ్గర నిలబడటం, పిండి కలపడం రాదని ఏ శాస్త్రంలోనూ లేదు. పెళ్లిళ్లలో వంద మందికి వండేది మగవాళ్లేగా. నేను నొక్కిన అరిసెలు కొంచెం మందంగా వస్తాయి, అంతే.

రెండో ఎదురుమాట రాజకీయం తెలిసిన వాళ్లది. "ధరలు పెంచిన వాళ్లను వదిలేసి పేదవాడికి పొదుపు పాఠాలు చెబుతున్నావు" అని. ఇందులోనూ న్యాయం ఉంది. 2015లో కందిపప్పు కిలో రెండు వందలు తాకిన రోజులు మరిచిపోలేదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న మనమే కందులు చాలక మయన్మార్ నుంచి, మొజాంబిక్, టాంజానియాల నుంచి తెచ్చుకుంటున్నాం. దీని మీద కోపం రావాలి, అడగాలి. అందుకే చెబుతున్నాను, పండగంటే జీడిపప్పు అనుకున్న నాడు కందిపప్పు ధర మీద కోపం సగం చచ్చిపోతుంది. చీటీలోంచి నోరెత్తకుండా కొట్టేసే సరుకు గురించి ఎవరు ధర్నా చేస్తారు? పప్పన్నమే మా పండగ అని గట్టిగా అనుకునే జనం పప్పు ధర పెరిగితే ఊరుకోరు.

పప్పన్నమే పండగ అనుకున్న సరుకుల చీటీ ఒకటి చూపిస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2015 సంక్రాంతికి చంద్రన్న కానుక అని రేషను కార్డులకు ఒక సంచీ ఇచ్చారు. 2019లో ప్రభుత్వం మారేదాకా ఏటా ఇచ్చారు. దాని రాజకీయం నాకు అక్కర్లేదు. ఆ సంచీలో ఏమున్నాయో చూడండి: అరకిలో కందిపప్పు, కిలో శనగపప్పు, అరకిలో బెల్లం, కిలో గోధుమపిండి, అరలీటరు పామాయిలు, వంద గ్రాముల నెయ్యి. వంద గ్రాముల నెయ్యితో పండగ ఏమిటని వెటకారం చేసిన వాళ్లను విన్నాను. వాళ్లెవరికీ వంట రాదని నా అనుమానం. అరకిలో శనగపప్పు, అరకిలో బెల్లం, పైకి కాస్త గోధుమపిండి, కాల్చడానికి నెయ్యి: పాతిక బొబ్బట్లు. మిగిలిన శనగపప్పు రుబ్బి పామాయిల్లో వేస్తే వడలు. కందిపప్పుతో పప్పన్నం. బియ్యం ఎలాగూ డిపోలో వస్తాయి. ఎవరు రాశారో ఆ చీటీ, వాళ్లకు పండగ భోజనం అంటే ఏమిటో తెలుసు.

దీనికి అటు కొసన ఇంకో చిత్రం ఉంది. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారని పేపర్లూ టీవీలూ ఊదరగొట్టాయి. ఆ రకాల్లో బిస్కట్లూ, ఐస్‌క్రీములూ, కూల్‌డ్రింకులూ కూడా ఉన్నాయి. అది వాళ్ల ముచ్చట, వాళ్ల డబ్బు. ఆ కుటుంబాన్ని అనడానికి నేనెవర్ని? కానీ దాన్ని గోదావరి జిల్లాల మర్యాద అని పేరు పెట్టి ఏడాదికేడాది అంకె పెంచుకుంటూ చూపించేవాళ్లను అంటాను. ఒక కడుపు ముందు 365 గిన్నెలు పెడితే తినడానికేమీ ఉండదు, ఫొటోకి ఉంటుంది. ఆ ఫొటో చూసిన ప్రతి మామగారి మీదా, కొత్తల్లుడికి పది రకాలు పెట్టిన ప్రతి అత్తగారి మీదా ఒక వేలు లేస్తుంది. కొట్లో ఆవిడ భయపడింది ఆ వేలుకే.

ఇదంతా చదివి, పేదవాళ్లు పండగలు మానుకుంటేనే బాగుపడతారని కొందరు ఇంకో కొసకు పోతారు. వాళ్ల పక్షాన కూడా నేను లేను. అర్థశాస్త్రంలో 2019 నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో నిరుపేద కుటుంబాల ఖర్చులు చూశారు. మధ్యరకంగా ఒక కుటుంబం ఏడాది ఖర్చులో పదో వంతు పండగలకు పెడుతోందని లెక్క తేల్చారు. దాన్ని చూసి తెలివితక్కువతనం అనేవాళ్లు మూడు వందల అరవై రోజులు ఒకేలా గడిచే బతుకును ఒక్క నెల బతికి చూడాలి. పండగ అవసరం. అప్పు చేసి చేసేంత ఖరీదు మాత్రం దానికి లేదు. వారం వారం కట్టే ఫైనాన్సు వాడి దగ్గర పండక్కి అయిదు వేలు తీసుకున్న ఇంట్లో, కనుమ వెళ్లిన మర్నాటి నుంచి ఉగాది దాకా మాట్లాడేది ఆ వాయిదాల గురించే. గారెలు ఎలా కుదిరాయో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

అందుకని, చీటీ రాసుకునే మీకు ఒక మనవి. డబ్బు చాలకపోతే సిగ్గుపడకండి, ఎప్పుడూ ఎవరికీ చాలిన దాఖలా లేదు. కలం తీసుకుని ముందు జీడిపప్పు కొట్టేయండి. తర్వాత కిస్‌మిస్, ఆ తర్వాత పనీరు, కూల్‌డ్రింకు. ఇంకా తగ్గించాల్సి వస్తే గారెలు మానండి. కందిపప్పు మీద మాత్రం గీత గీయకండి. ఆడపడుచు ఏమన్నా అంటే, పప్పన్నానికి పిలిచాం వదినా, పప్పన్నమే పెట్టాం అని చెప్పండి.